పక్క సందులోకి

కుట్టు కొట్టు,
ఎండలు ముదిరే రోజులు

ఒరేయ్ చిన్నోడా,

నీకు ఫోన్ చేయడం మానేశాను. ఎత్తవు, ఎత్తినా నీ ఫ్యాన్ల హోరులో ఇద్దరం "ఆఁ? ఏంటీ?" అనుకోవడంతోనే సరిపోతుంది. పైగా నా చేతిలో ఫోన్ కనపడితే చాలు, మీ బావ వచ్చి "ఏమంటున్నాడు మన గాలోడు?" అంటూ మధ్యలో దూరతాడు. గాలి కడిగే ఉద్యోగం చేసేవాణ్ణి గాలోడు అనక ఏమనాలట. ఆ జోకుకి నవ్వేది కూడా తనొక్కడే. అందుకే ఉత్తరం. మధ్యాహ్నం పూట కొట్టుకి ఎలాగూ ఎవరూ రారు.

రాకపోవడానికి కారణం కూడా మీ బావే. కరెంటు ఇంత చవకైపోయాక సందులో ఏసీ లేని ఇల్లంటూ మిగల్లేదు. మొదట పడకగదికి పెట్టించారు, తర్వాత హాలుకి, ఇప్పుడు వంటింటికి. ఎదురింటి లెక్కల మాస్టారు ఊరు వెళ్తూ కూడా ఆపడం లేదు. తిరిగొచ్చేసరికి ఇల్లు చల్లగా ఉండాలట. అన్నీ బిగించేది మీ బావే, నిచ్చెన దిగితే ఒట్టు. సంపాదన బాగుంది, కాదనను. కానీ అన్ని ఇళ్ళ వేడినీ తెచ్చి గోడల బయట ఆ యూనిట్లు కక్కేది ఎక్కడ? సందులోనే కదా. పోయినసారి వచ్చినప్పుడు చూసి నవ్వావు, గుర్తుందా? "బావా, రెండు వరసల యూనిట్లూ ఒకదాని మొహాన ఒకటి ఊదుకుంటున్నాయి. దీని వేడి అది మింగుతోంది, దాని వేడి ఇది మింగుతోంది. తిప్పించు" అన్నావు. వెనక గోడలకి బిగించాలంటే నిచ్చెన పక్క సందులో వేయాలి, వాళ్ళతో తగువు మనకెందుకు అన్నాడు మీ బావ. అన్నీ సందులోకే బిగించాడు.

మధ్యలో ఇరుక్కున్నది నేనూ బొత్తాలవ్వా. కొట్టు మూస్తే వెలుతురు ఉండదు, వెలుతురు లేకపోతే అవ్వకి సూదిలో దారం ఎక్కదు. గాజు తలుపు పెట్టి లోపల ఏసీ బిగిస్తానన్నాడు మీ బావ. అవ్వ ఒప్పుకోలేదు. చల్లగాలికి వేళ్ళు కొయ్యబారిపోతాయట, బొత్తాం జారిపోతుందట. నీ బడి చొక్కాలకి బొత్తాలు కుట్టిన చేతులవి, ఆవిడ మాట కాదనే ధైర్యం నాకు లేదు. గడప మీద కూర్చుని కుడుతూనే ఉంది. నిన్ను అడిగింది. తింటున్నావా అని కాదు, చొక్కాకి బొత్తాలన్నీ ఉన్నాయా అని.

అక్క


గాలి కడిగే చోటు,
అదే నెల

అక్కా,

మెడ దగ్గర బొత్తాం ఊడితే నేనే కుట్టుకున్నానని అవ్వకి చెప్పు. వంకరగా వచ్చింది. తిడుతుంది, తిట్టనీ.

నా పని గురించి ఎన్నిసార్లు చెప్పినా బావ "గాలికి సబ్బు పెడతావా?" అని కొట్టిపారేస్తాడు. నీకైనా సరిగ్గా చెప్తాను, విను. ఇక్కడ రాతి నేల తప్ప ఇంకేం లేదు. దాని మీద మేడంత ఫ్యాన్లు వరసగా నిలబడి ఉంటాయి. తాతల నాటినుంచీ మనం పొగగొట్టాల్లోంచి వదిలిందంతా గాలిలోనే ఉండిపోయింది కదా, దాన్ని పట్టి, నేల లోపలికి దింపి, రాయిలో రాయిగా కలిపేస్తాం. దీనికి తిండి కరెంటు ఒక్కటే. కరెంటు ఖరీదుగా ఉన్న రోజుల్లో ఈ మాటంటే పిచ్చివాడి కింద లెక్కేసేవారు. కొత్త విద్యుత్ కేంద్రం వచ్చి కరెంటు నీళ్ళకన్నా చవకయ్యాక నిజమైంది. కేంద్రం మొదలైన రోజు ఊరంతా చప్పట్లు కొట్టి ఒక షరతుకి ఒప్పుకుంది. ఆ కరెంటులో పావు వంతు గాలి కడగడానికే. మా ఫ్యాన్లు తిరిగేది ఆ పావు వంతు మీదే.

ఇప్పుడు ఆ పావు వంతుకే ఎసరు పెట్టారు. అది కూడా ఊరి వాడకానికే ఇచ్చేయాలని కొందరు వార్డు సభల్లో తీర్మానాలు పెట్టిస్తున్నారు. మీ వార్డు సంఘానికి అధ్యక్షుడు బావే కదా. బావ ఒక్కమాట గట్టిగా వద్దంటే మీ వార్డు నిలబడుతుంది, మీ వార్డు నిలబడితే పక్క వార్డులూ ఆలోచిస్తాయి. నువ్వు బావకి చెప్పు. సభకి నువ్వూ వెళ్ళు. తీర్మానానికి చెయ్యి ఎత్తమంటే ఎత్తకుండా కూర్చో, అంతే చాలు.

ఒక వింత చెప్తాను. మా గేటు దారిలోనే ఓ సిమెంటు ఫ్యాక్టరీ లేచింది. కరెంటు చవక అని వచ్చారు. కానీ వాళ్ళ సున్నపురాయి కాలితే పొగ ఎలాగూ వస్తుంది. మేం దింపినంతా వాళ్ళు పైకి వదులుతున్నారు. ఆ మేనేజరు నేను కనపడితే చాలు, నమస్కారం పెట్టి "మీరుండగా మాకేం భయమండీ" అంటాడు. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు వేరే దారిన నడుస్తున్నాను.

తమ్ముడు


కుట్టు కొట్టు,
నడి ఎండాకాలం

చిన్నోడా,

మీ బావకి చెప్పాను. అన్నం తింటూ విన్నాడు, చెయ్యి కడుక్కుంటూ మాట ఇచ్చాడు. "నా బావమరిది పొట్ట నేనెందుకు కొడతాను?" అన్నాడు. పొట్ట సంగతి కాదు, లోకం సంగతి అని చెప్పబోయాను. లోకం సంగతి సభలో చూద్దామన్నాడు. మాట ఇచ్చాడు కాబట్టి నువ్వు నిశ్చింతగా ఉండు.

నాకు మాత్రం కొత్త పని దొరికింది. వింటే నవ్వుతావు. పెద్ద వీధిలో మంచు హాలు కట్టారు. నడి ఎండాకాలంలో లోపల మోకాలి లోతు మంచు. జనం వెళ్ళి జారి, పడి, లేచి, వణుక్కుంటూ బయటికొచ్చి మళ్ళీ చెమటలు కక్కుతున్నారు. వాళ్ళకి అద్దెకివ్వడానికి దూది కూరిన కోట్లు కావాలట. ఆ కోట్లు కుట్టే పని నాకిచ్చారు. ఈ నిప్పుల కొలిమిలో కూర్చుని నేను చలికోట్లు కుడుతున్నాను. అవ్వ వాటికి గుప్పెడేసి బొత్తాలు వేస్తోంది. ఒళ్ళో కోటు పరుచుకుంటే దుప్పటి కప్పుకున్నట్టే ఉంటుంది. నిన్న కళ్ళు తిరిగి పక్కకి ఒరిగింది. నీళ్ళు చల్లితే లేచి, కోటు తడిపావని నన్నే తిట్టింది.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు ఇన్నేళ్ళుగా గాలి కడుగుతున్నావు కదా. మా సందులో ఒక్క వీసమైనా చల్లబడదేం? ఇక్కడ జనం అదే అడుగుతున్నారు. నేను తల వంచుకుని కుట్టుకుంటున్నాను.

అక్క


గాలి కడిగే చోటు,
ఉత్తరం అందిన రోజే

అక్కా,

కోపం రాలేదు. అబద్ధం చెప్పాలనిపించింది, చెప్పలేను. మేం కడిగింది ఈ ఏడాది మీకు తెలియదు, వచ్చే ఏడాదీ తెలియదు. బహుశా నీకూ నాకూ ఎప్పటికీ తెలియదు. మన తర్వాత పుట్టేవాళ్ళకి ఎండాకాలం కాస్త ఎండాకాలంలాగే ఉంటుంది, అంతే. ఇలాంటి పనికి జనాన్ని చెయ్యెత్తకుండా కూర్చోమనడం ఎంత కష్టమో నాకు తెలియదా?

కానీ మీ సందు వేడి వేరు, ఆకాశం వేడి వేరు. ఆకాశం వేడికి మా ఫ్యాన్లు కావాలి. మీ సందు వేడికి నిచ్చెన చాలు. మధ్యాహ్నం పూట కాసేపు అందరూ ఏసీలు ఆపితే ఆ పూటే తేడా తెలుస్తుంది. అందరినీ ఒప్పించలేకపోతే గడప పైన ఉన్నదైనా ఆపించు. ఆ యూనిట్ ఎవరిదో నాకు గుర్తులేదు. అవ్వని మధ్యాహ్నం కొట్లో కూర్చోనివ్వకు. కోట్లు ఆలస్యమైతే కానీ. ఎండాకాలంలో కోటు అందలేదని ఏడ్చేవాణ్ణి ఏడవనీ.

ఇక్కడ అంతా బాగానే ఉంది.

తమ్ముడు


కుట్టు కొట్టు

చిన్నోడా,

అవ్వ పోయింది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత. గడప మీదే, గోడకి ఆనుకుని. ఒళ్ళో కోటు అలాగే ఉంది. పై బొత్తాం సగం కుట్టి, సూది దానికే గుచ్చి ఉంది. నిద్రపోతోందనుకున్నాను. భుజం పట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు వచ్చి వడదెబ్బ అన్నాడు. ఆవిడకి ఇంకెవరూ లేరు కాబట్టి అన్నీ నేనే చేశాను. మీ బావ దగ్గరుండి అన్నీ చూసుకున్నాడు, ఆ మాట చెప్పాలి.

నీకు వెంటనే చెప్పి ఉంటే వచ్చేవాడివి. అంత దూరం నుంచి వచ్చేసరికి ఏం మిగిలి ఉంటుందని చెప్పలేదు. తిట్టుకో.

బొత్తాల డబ్బా నా దగ్గరే ఉంది. సభ కూడా అయిపోయింది. దాని గురించి తర్వాత రాస్తాను.

అక్క


గాలి కడిగే చోటు,
వారం తర్వాత

అక్కా,

అవ్వ కబురు చదివాను. వంకరగా కుట్టిన బొత్తాన్ని తీసేసి మళ్ళీ కుట్టుకున్నాను. ఈసారీ వంకరే.

సభ గురించి తర్వాత రాస్తానన్నావు. అక్కర్లేదు. రొట్టెల బండివాడు తెచ్చిన పేపర్లో ఫొటో వేశారు. వేదిక మీద బావ ఉన్నాడు. బావ వెనక అవ్వ ఫొటో, దానికి దండ. కింద అందరి చేతులూ పైకి లేచి ఉన్నాయి. ముందు వరసలో చివరి కుర్చీలో నువ్వు ఉన్నావు. మొదట నీ చెయ్యి అనుకోలేదు. వేలికి ఇత్తడి తొడుగు ఉంది. కుట్టేటప్పుడు పెట్టుకునే తొడుగు తీయకుండానే సభకి వెళ్ళావు. ఆ తొడుగుని చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, మరొకరిది అనుకుని మనసు సర్దిచెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా పోయింది.

నేను కూడా ఒకటి దాచాను. పోయిన ఉత్తరంలో ఇక్కడ అంతా బాగానే ఉందన్నాను. అప్పటికే ఒక వరస ఫ్యాన్లు ఆపించారు. నువ్వు దిగులుపడతావని రాయలేదు. మీ వార్డు నిలబడుతుంది, అక్క ఉంది అని ఇక్కడ అందరికీ చెప్పుకు తిరిగాను. ఇప్పుడు మెస్సులో నా ఎదురుగా ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. అది ఎత్తిపొడిచినదానికంటే ఎక్కువగా ఉంది.

బావ సంగతి నాకు తెలుసు. పని ఎటు దొరికితే నిచ్చెన అటే. నేను అడిగేది నిన్ను. అవ్వ ఎందుకు పోయిందో ఆ సభలో తెలిసినదానివి నువ్వొక్కదానివే. చెయ్యి ఎందుకెత్తావు?

తమ్ముడు


ఇల్లు

చిన్నోడా,

ఎందుకెత్తానో చెప్తాను. చల్లటి చోట కూర్చుని చదువుకో. నీకు చల్లగా ఉండకపోతే పోయావు, నాకేం.

సభలో మీ బావ బాగా మాట్లాడాడు. అంత బాగా మాట్లాడగలడని నాకే తెలియదు. "మన అవ్వ ఎండకి బలైపోయింది. గదులకి సరిపడా కరెంటు ఉంది, వీధిని కూడా చల్లబరిచే కరెంటు ఉంటే ఆవిడ ఇవాళ మన మధ్య ఉండేది. ఆ కరెంటు ఎక్కడుంది? ఎవరూ లేని రాళ్ళ మధ్య గాలికి పోతోంది" అన్నాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. అవ్వ ఉన్నన్నాళ్ళూ ఆవిడ ముందునుంచి చూడనట్టు నడిచిపోయినవాళ్ళే. మాస్టారు అయితే వెక్కి వెక్కి ఏడ్చాడు, ఆయన ఇంట్లో ఎవరూ లేకపోయినా ఏసీలు తిరుగుతున్నాయి అప్పుడు.

లేచి చెప్పాలనే వెళ్ళాను. ఆవిడని చంపింది కరెంటు లేకపోవడం కాదు, ఉండటం అని. మాటలన్నీ సర్దుకుని వెళ్ళాను. ఇక విను. గడప పైన ఉన్న యూనిట్ ఎవరిదో గుర్తులేదన్నావు. మాది. కొట్టు పై అంతస్తులో మా పడకగదిది. ఆ మధ్యాహ్నం తల నొప్పిగా ఉందని, కాసేపు నడుం వాల్చి వస్తానని అవ్వతో చెప్పి పైకి వెళ్ళాను. ఏసీ వేసుకున్నాను. చల్లగా, హాయిగా నిద్ర పట్టేసింది. నేను పైన దుప్పటి కప్పుకుని పడుకున్నంతసేపూ నా వేడంతా కింద ఆవిడ నెత్తిన పోస్తూనే ఉన్నాను. నువ్వు రాసిన ఉత్తరం దిండు కింద ఉంది. గడప పైన ఉన్నదైనా ఆపించు అన్నది అందులోనే ఉంది.

మీ బావ మాట్లాడుతుంటే, అవ్వని చంపింది ఎక్కడో రాళ్ళ మధ్య తిరిగే ఫ్యాన్లు అని అందరూ నమ్ముతుంటే, నాకు ఎంత తేలికగా అనిపించిందో తెలుసా? గుండె మీద బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టు అనిపించింది. ఆ మాట నిజమైపోతే బాగుండుననిపించింది. చెయ్యి ఎత్తితే నిజమైపోతుందనిపించింది. ఎత్తాను. తొడుగు తీయడం మర్చిపోయానన్నావు, నిజమే. ఇంటికొచ్చాక చూసుకున్నాను.

క్షమించమని అడగడం లేదు. నువ్వు క్షమించినంత మాత్రాన నాకు ఒరిగేదేం లేదు. నువ్వు నన్ను అసహ్యించుకుంటే కనీసం ఒక్కడికైనా నిజం తెలిసినట్టు ఉంటుంది.

ఏసీ ఇంకా వేసుకుంటూనే ఉన్నాను. అది లేకుండా నిద్రపోవడం మర్చిపోయాను.

అక్క


గాలి కడిగే చోటు,
ఎండాకాలం దాటాక

అక్కా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. అసహ్యించుకుందామని చాలా ప్రయత్నించాను. కుదరలేదు, అదీ నీకు లాభం లేని పనే అయింది.

అన్ని వార్డుల తీర్మానాలూ కలిపి పైకి పంపారట. పైనుంచి మనిషి వచ్చి ఆఖరి వరస ఆపేశాడు. ఫ్యాన్లు వెంటనే ఆగలేదు. అంత పెద్దవి కదా, కరెంటు తీసేశాక కూడా చాలాసేపు తిరిగాయి. అలవాటైన పని అనుకున్నాయేమో. ఆగాక హోరంతా పోయింది. ఇన్నేళ్ళూ అరుచుకుని మాట్లాడుకున్నవాళ్ళం, మామూలు గొంతుతో మాట్లాడుకోవాలంటే సిగ్గేసింది.

మా పావు వంతులో పెద్ద ముక్క సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఆ మేనేజరు ఎదురుపడ్డా ఇప్పుడు నమస్కారం పెట్టడం లేదు. మొన్న మాత్రం ఆగి, ఫ్యాన్ల పునాదులు గట్టివి, పగలగొట్టకండి, మా గోడౌనుకి పనికొస్తాయి అన్నాడు. అక్కడే ఉద్యోగం ఇస్తానన్నాడు కూడా. పొగ ఎంత వస్తోందో చూసే పని. చూడటమే, పట్టే పని కాదు. వద్దన్నాను.

ఊరికి వచ్చేస్తున్నాను. వేరే పని దొరికేదాకా ఓ గది కావాలి. మీ ఇంట్లో ఉండలేను, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. అలాగని ఊరికి అవతలగా కూడా వద్దు. అద్దె తక్కువలో, ఓ కిటికీ ఉన్న గది ఎక్కడైనా చూడు.

తమ్ముడు


కుట్టు కొట్టు

చిన్నోడా,

గది దొరికింది. అద్దె నువ్వు అనుకున్నదానికంటే తక్కువ. పక్క సందులో, సరిగ్గా మా ఇంటి వెనకే. అక్కడ అద్దెలు పడిపోయాయి. ఎందుకని అడుగుతావు కాబట్టి చెప్తాను.

మీ బావ చివరికి నీ మాట విన్నాడు. సందు చల్లబరిచే కాంట్రాక్టు వార్డు నుంచి ఆయనకే వచ్చింది. యూనిట్లన్నీ సందులోంచి పీకి ఇళ్ళ వెనక గోడలకి తిప్పేశాడు. మన వరసవి పక్క సందులోకి, ఎదురు వరసవి వాళ్ళ వెనక సందులోకి. ఇప్పుడు ఒక్కటి కూడా ఒకదాని మొహాన ఒకటి ఊదుకోవడం లేదు. "గాలోడు తెలివైనవాడే, అప్పుడే విని ఉండాల్సింది" అని నలుగురిలో చెప్పుకుంటున్నాడు. ఇక సందులోకి ఇటు చివరనుంచి అటు చివరిదాకా చల్లగాలి వదిలే గొట్టాలు వేశారు. మీ పావు వంతులో మా వార్డుకి వచ్చిన ముక్కతో నడుస్తున్నాయి. వాటిని నడిపే పెద్ద మిషన్ వేడి కక్కే వీపు కూడా పక్క సందు వైపే. మిషన్‌కి అవ్వ ఫొటో తగిలించారు.

సందు బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? మాస్టారు శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చుంటున్నాడు. కొట్టుకి గిరాకీ పెరిగింది. గడప మీద కూర్చుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అవ్వ ఉండి ఉంటే కుట్టలేకపోయేది.

పక్క సందువాళ్ళు తగువుకి వచ్చారు. పెద్ద గొడవే అయింది. మీ బావ వాళ్ళని కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడి, అందరికీ కొత్త ఏసీలు వాయిదాల మీద ఒప్పించి పంపాడు. వాటి యూనిట్లు ఎటు బిగించాలా అని ఇప్పుడు వాళ్ళకి అవతల ఉన్న సందుకేసి చూస్తున్నాడు.

నీ గదికి ఏసీ లేదు. నువ్వు పెట్టించుకోవని తెలిసి నేనే వద్దన్నాను. బొత్తాల డబ్బా నీ కోసం తీసి ఉంచాను. వంకరగా కుట్టినవన్నీ తీసుకురా, సరిచేసి ఇస్తాను.

కిటికీ కావాలన్నావు. ఒకటుంది. మా పడకగది వెనక గోడకి ఎదురుగానే, చెయ్యి చాపితే అందేంత దగ్గర. నువ్వు పిలిస్తే నాకు వినపడుతుంది. కానీ కిటికీ తెరవకురా, చిన్నోడా.

అక్క